కూసే బ్రేకు, ఉంగరం వేలు

నేను రిటైరై ఏడాది దాటింది. అయినా వారానికి ఇద్దరు ముగ్గురు ఫోన్ చేస్తూనే ఉంటారు. ఆఫీసుకి వెళ్ళిరావాలి, ఆదివారం సరదాగా తొక్కాలి, ధర మాత్రం తక్కువుండాలి, ఏ సైకిల్ కొనమంటారు అంకుల్ అని. మీ ఎత్తెంత, రోజూ ఎంత దూరం తొక్కుతారు, దారిలో ఎత్తుపల్లాలున్నాయా, రాత్రి సైకిల్ ఎక్కడ పెడతారు అని నేను నాలుగు ప్రశ్నలు అడుగుతాను. నాలుగింటికీ జవాబుండదు. "గేర్లు ఎన్నుంటే మంచిదంటారు?" అంటారు. లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తులో ఉంటూ లావు టైర్ల సైకిల్ కావాలంటాడు ఒకడు. దాన్ని రోజూ భుజాన మోసుకుని మెట్లెక్కాలి నాయనా అంటే, ఫొటోలో బాగుంటుంది కదా అంకుల్ అంటాడు. ఇలాంటివాళ్ళతో ముప్పై ఒక్కేళ్ళు వేగాను. ఇప్పటికీ ఫోన్ పెట్టేశాక మంచినీళ్ళు తాగాల్సిందే.

కానీ వాళ్ళ మీద విసుక్కునే ముందు నన్ను నేను తిట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఫోన్లో చెప్పేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. సైకిల్ కొనేవాళ్ళకీ, అమ్మేవాళ్ళకీ, ముఖ్యంగా తనకు అన్నీ తెలుసనుకునేవాళ్ళకీ పనికొస్తుంది.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్ళే రోడ్డు మీద, మెట్రో పిల్లర్ల నీడలో మా షాపు. కింద అమ్మకం, వెనక రిపేర్లు, పైన సేట్ గది. మా సేట్ నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు, తండ్రి పోయాక గద్దె ఎక్కాడు. నేను సేల్స్‌మన్‌గా చేరి చివరికి మొత్తం కిందంతా చూసుకునేవాణ్ణి. రిపేర్ల దగ్గర ఒక మెకానిక్ ఉండేవాడు. నలభై దాటిన మనిషి, బోరబండ నుంచి వచ్చేవాడు. వాళ్ళ తాత, తండ్రి కూడా సైకిల్ పనిలో బతికినవాళ్ళే. చక్రం గిర్రున తిప్పి గోటితో ఒక్కసారి తాకి, ఏ పుల్ల వదులైందో చెప్పేవాడు. మాట తక్కువ. ఐదు వేళల నమాజులో రెండు మాత్రం షాపు వెనక చాప వేసుకుని చేసేవాడు, మిగతా రోజంతా గ్రీజులోనే.

నాకూ ఒక విద్య ఉండేది. కొత్త సైకిల్ షాపు గడప దాటే ముందు బొట్టు పెట్టడం. ఈ ఆచారం నేను చేరిన కొత్తలో నేనే మొదలుపెట్టాను. నువ్వుల నూనెలో కుంకుమ కలిపి ఇత్తడి భరిణెలో ఉంచేవాణ్ణి. పొడి కుంకుమ రాలిపోతుంది, నూనెలో కలిపింది ఇనుముకి పట్టుకుంటుంది. హ్యాండిల్‌కి ఒకటి, ముందు మడ్‌గార్డుకి ఒకటి, వెనక మడ్‌గార్డుకి ఒకటి. ఉంగరం వేలితో మూడు బొట్లు, రెండు చక్రాల కింద రెండు నిమ్మకాయలు. నా హస్తవాసి మంచిదని పేరు. నేను బొట్టు పెట్టిన సైకిల్ కాలేజీ అయిపోయేదాకా పంక్చర్ పడలేదని చెప్పినవాళ్ళున్నారు. బల్కంపేట ఎల్లమ్మ గుడికి సైకిల్ నడిపించుకు వెళ్ళి పూజ చేయించుకునేవాళ్ళు కూడా ముందు నా బొట్టు పెట్టించుకునే వెళ్ళేవారు. నా ఉంగరం వేలి గోరు ఏడాది పొడుగునా ఎర్రగానే ఉండేది. అన్నం కలిపేటప్పుడు మా ఆవిడ విసుక్కునేది. నాకు మాత్రం ఆ ఎరుపంటే గర్వం.

ఈ కథలో మూడో మనిషి ఒక కస్టమర్. బల్కంపేటలో ఉండేది, ముప్పై ఐదేళ్ళుంటాయి. పంజాగుట్టలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో పని. పొద్దున ఆరింటికల్లా ఇళ్ళకు వెళ్ళి రక్తం శాంపిళ్ళు తీసుకురావాలి. పరగడుపున కూర్చున్న షుగర్ పేషెంట్లు పది నిమిషాలు ఆలస్యమైతే ఫోన్ల మీద ఫోన్లు. ఉన్న ఒక్క స్కూటర్ భర్త సనత్‌నగర్ ఫ్యాక్టరీకి వేసుకుపోతాడు. ఆ వేళకి ఆటోవాళ్ళు చుట్టుపక్కల సందుల్లోకి రామంటారు. అందుకని సైకిల్ కావాలంది. పదిహేను వేలు దాటకూడదంది. అక్కడితో ఆపకుండా ఇంకో మాట కూడా అంది.

"ఆయితారం పొద్దుగాల ఒక్కదాన్నే తొక్కాలె సార్. ఎవరి పని మీద కాదు, ఉత్తగనే. గండిపేట దాక పోయి రావాలె."

ఆవిడ ఆరుసార్లు వచ్చింది. చేతిలో చిన్న నోట్‌బుక్. ఒకసారి వచ్చి సైకిల్ ఎత్తి చూసింది, ఇల్లు రెండో అంతస్తట. ఇంకోసారి శాంపిళ్ళ డబ్బా తెచ్చి క్యారియర్ మీద పెట్టి చూసింది. ఇరవై ఒక్క గేర్లు నాకెందుకు, మా దారిలో ఒకటే ఎత్తు ఉంది కదా అంది. వానాకాలం చీర మీద బురద పడకుండా మడ్‌గార్డులు ఉన్నాయా అంది. మా సందులో రిపేర్లు చేసే ముసలాయన ఏ సైకిల్ బ్రేకు బాగు చేయగలడు అంది. నాకు ఒళ్ళు మండేది. పెళ్ళికొడుకుని చూసుకోవడానిక్కూడా ఇన్నిసార్లు రారయ్యా అని మెకానిక్‌తో అన్నాను. అతను తలెత్తకుండా, సక్కగనే అడుగుతుంది అన్న, అన్నాడు. నాకు అది కూడా కోపమే తెప్పించింది.

ఇప్పుడు ఆలోచిస్తే, ముప్పై ఒక్కేళ్ళలో సైకిల్ ఎలా కొనాలో తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే. తన దారి తెలుసు, తన బరువు తెలుసు, తన మెట్లు తెలుసు. ఆరో రాకలో ఆవిడ ఒక మామూలు సైకిల్ ఎంచుకుంది. ఏడు గేర్లు, ముందూ వెనకా మడ్‌గార్డులు, క్యారియర్, చక్రం అంచుని రబ్బరు ముక్కలు పట్టుకునే పాతకాలపు బ్రేకు. నేను అప్పుడు నోరు మూసుకుని బిల్లు రాసి ఉంటే ఈ రాత లేదు.

కానీ ఆ నెల సేట్ డిస్కు బ్రేకుల సైకిళ్ళు పోగేసి కూర్చున్నాడు, అవి కదలాలి. చక్రం మధ్యలో పళ్ళెంలా మెరిసే ఇనుప డిస్కు ఉంటుంది, దాన్ని రెండు వైపుల నుంచి చిన్న బిళ్ళలు పట్టుకుని ఆపుతాయి. మంచి బ్రేకే, అబద్ధం చెప్పను. వానలో చక్రం అంచు తడిస్తే పాత బ్రేకు జారుతుంది, డిస్కు జారదు. ఆ మాటే పట్టుకున్నాను. ఈ రోజుల్లో డిస్కు లేకుండా ఎవరు కొంటున్నారమ్మా, వానలో మీ పేషెంట్ల దగ్గరికి వేళకి చేరాలంటే ఇదే, అన్నాను. ఆవిడ నోట్‌బుక్ మూసింది. వానలో పట్టుకుంటుందని మీరు గట్టిగా అంటున్నారు కదా అని అడిగింది. నా హామీ అన్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, ఆ రోజు నేను అలాంటి చెప్పేవాణ్ణి.

ఈ కొత్త సైకిళ్ళకి మడ్‌గార్డులు లేవు. తర్వాత ప్లాస్టిక్‌వి విడిగా బిగించాలి. మరి మూడు బొట్లలో రెండు ఎక్కడ పెట్టాలి? చక్రం మధ్యలో ఆ మెరిసే పళ్ళెం కనిపించింది. బొట్టు కోసమే చేసినట్టుంది. ముందు డిస్కుకి ఒకటి, వెనక డిస్కుకి ఒకటి పెట్టాను. డిస్కు సైకిళ్ళు వచ్చినప్పటి నుంచీ అలాగే పెడుతూ వచ్చాను. ఆవిడ సైకిల్‌కి కూడా పెట్టాను, ఫొటో తీసుకుంది, వెళ్ళిపోయింది.

ఎనిమిదో రోజు తిరిగొచ్చింది. బ్రేకు కూస్తోందట. పొద్దున్నే పేషెంటు గేటు ముందు బ్రేకు వేస్తే సందులో కుక్కలన్నీ లేస్తున్నాయట. "సూది కన్న ముందు గీ చప్పుడుకే భయపడుతున్రు సార్" అంది. మెకానిక్ బిళ్ళలు విప్పాడు, గరుకు కాగితంతో రుద్దాడు, స్పిరిట్‌తో తుడిచాడు, వెనక సందులో రెండు చుట్లు తొక్కి వచ్చాడు. చప్పుడు లేదు, పట్టు బాగుంది. సైకిల్ ఆవిడకి ఇచ్చే ముందు నేను భరిణె తీశాను. ఏదో దిష్టి తగిలిందమ్మా అని ఈసారి కాస్త దండిగా పెట్టాను.

పదో రోజు మళ్ళీ వచ్చింది. వచ్చేది ఆవిడ ఒక్కతే కాదు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల కుర్రాళ్ళు, కృష్ణానగర్ నుంచి షూటింగులకి పోయే ఒకతను, బ్యాంకు ఉద్యోగి ఒకాయన, అందరిదీ అదే గోల. కొన్నవాళ్ళు తిరిగి రావడం, మెకానిక్ బాగు చేయడం, నేను బొట్టు పెట్టి పంపడం, వాళ్ళు మళ్ళీ రావడం. నాకు నిద్రలో కూడా ఆ కూత వినిపించేది. సైకిళ్ళు పంపిన కంపెనీ మనిషిని పిలిపించాం. అతను మీ ఊరి దుమ్ము అన్నాడు. నేను మీ బిళ్ళలు నాసిరకం అన్నాను. సేట్ మాత్రం ఇద్దరి మాటా వినకుండా మెకానిక్ వైపు చూసేవాడు. బ్రేకులు బిగించేది అతనే కదా. నేనూ అటే చూడడం మొదలుపెట్టాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, రోజుకోసారైనా అతన్ని గదమాయించేవాణ్ణి.

ఆ రోజుల్లోనే అతను ఒక వింత పని చేసేవాడు. డెలివరీకి సైకిల్ తెచ్చి, డిస్కులున్న ఎడమ పక్క గోడవైపు ఉండేలా గోడకి ఆనించి పెట్టేవాడు. నేను విసుక్కుని తిప్పేవాణ్ణి. డిస్కు కోసం ఎక్కువిచ్చి కొన్నవాడికి ఫొటోలో డిస్కు కనపడొద్దా అనేవాణ్ణి. మర్నాడు మళ్ళీ గోడకే ఆనించేవాడు. మళ్ళీ తిప్పేవాణ్ణి. ఇంత మొద్దు మనిషా అనుకునేవాణ్ణి.

ఒక శుక్రవారం షాపు నిండా జనం. ఒక కుటుంబం కూతురికి సైకిల్ కొంది. నేను బొట్టు పెట్టి బిల్లు రాయడానికి లోపలికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మెకానిక్ చక్రం దగ్గర వంగి రుమాలుతో డిస్కు తుడుస్తున్నాడు. రుమాలు ఎర్రగా ఉంది. నా తల తిరిగిపోయింది. పెట్టిన బొట్టు తుడవడం మన ఇళ్ళల్లో ఎంత అపశకునమో చెప్పక్కర్లేదు. ఆ పిల్ల తల్లి కూడా చూసింది.

"పెట్టిన బొట్టు తుడుస్తావా? మా పద్ధతులు నీకేం తెలుసు?" అన్నాను. అందరూ వింటుండగా, గట్టిగా అన్నాను.

అతను రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దుమ్ముంటే తుడిసిన అన్న" అన్నాడు. వెనక్కి వెళ్ళిపోయాడు. నేను కొత్తగా ఇంకో బొట్టు పెట్టి, వాళ్ళకి క్షమాపణ చెప్పి, నిమ్మకాయలు తొక్కించి పంపాను. ఆ సాయంత్రం మా ఆవిడకి ఈ సంగతి చెబుతుంటే నాకు నేను పెద్ద ధర్మరక్షకుడిలా అనిపించాను. తర్వాత నుంచి అతను సైకిల్‌ని గోడకి ఆనించడం మానేశాడు. ఎటు పెట్టమంటే అటు పెట్టేవాడు.

వానలు పడ్డాయి. ఒక పొద్దున ఆ శాంపిళ్ళావిడ ఎర్రమంజిల్ నుంచి పంజాగుట్ట వైపు పల్లంలో వస్తోంది. ముందు ఒక ఆటో ఉన్నట్టుండి ఆగింది. రెండు బ్రేకులూ గట్టిగా నొక్కింది. రెండూ కూశాయి, సైకిల్ మాత్రం ఆగలేదు. ఆటోని తప్పించబోయి డివైడర్‌కి కొట్టుకుంది. కుడిచేతి మణికట్టు విరిగింది. సూది పట్టే చెయ్యి అది.

కబురు తెలిసిన రోజు సేట్ మమ్మల్ని పైకి పిలిచాడు. ఆ ఇంటివాళ్ళు వచ్చి గొడవ చేస్తే ఏం చెప్పాలని అడిగాడు. తనే జవాబు చెప్పాడు. మెకానిక్ సరిగా బిగించలేదు, తీసేశాం అని చెప్పాలట. నెలాఖరు నుంచి రావొద్దని అతనితో అనేశాడు. అతను నావైపు ఒకసారి చూశాడు. ఇరవై ఏళ్ళు నా పక్కన పని చేసిన మనిషి. నేను తల ఊపాను. ఊరుకుని ఉన్నా కొంత మర్యాద మిగిలేది, నేను తల ఊపాను.

నెలాఖరుకి రెండు రోజులుందనగా ఆవిడే వచ్చింది, ట్రాలీ ఆటోలో సైకిల్ వేసుకుని. కుడిచెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది. మెకానిక్ తన సొంత పానాలు గుడ్డలో చుట్టుకుంటున్నాడు, సనత్‌నగర్‌లో ఏదో వర్క్‌షాప్‌లో పని చూసుకున్నాడట. నేను గబగబా కుర్చీ వేశాను. మెకానిక్‌ని తీసేశామమ్మా, కొత్త సైకిల్ ఇస్తామమ్మా అని మొదలుపెట్టాను. ఆవిడ కూర్చోలేదు.

"కొత్త సైకిల్ ఒద్దు, గాయినను తీసేసుడు ఒద్దు. ఎందుకు ఆగలేదో చెప్పున్రి."

నేను నా పాత చిట్టా అంతా విప్పాను. దుమ్ము, బిళ్ళలు, కంపెనీ, వాన, బిగింపు. ఆవిడ చివరిదాకా విని, మా ల్యాబులో రిపోర్టు తప్పొస్తే ముందు మిషన్‌ని అనం సార్, శాంపిల్ ఎట్లా తీశామో చూసుకుంటాం అంది. ఎడం చేత్తో బ్యాగులోంచి స్పిరిట్ దూది పొట్లం తీసి, పళ్ళతో చింపింది. సైకిల్ దగ్గర నేల మీద కూర్చుని డిస్కు తుడిచింది. డిస్కుకి వరసగా చిన్న చిన్న రంధ్రాలుంటాయి. దూదిని పుల్లలా చుట్టి ఒక్కో రంధ్రంలో దూర్చింది. బయటికి తీస్తే ఎర్రగా ఉంది.

నేను అదిరిపడ్డాను. మీ చేతికి తగిలిన రక్తమేమోనమ్మా అన్నాను.

"రక్తం నాకు తెల్వదా సార్. రక్తమైతే ఇంత జిడ్డుండది." దూదిని ముక్కు దగ్గర పెట్టుకుంది. "నువ్వుల నూనె."

బల్ల మీద భరిణె మూత తీసే ఉంది. ఆవిడ భరిణెని చూసింది, తర్వాత నా వేలిని చూసింది. నేను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే.

బ్రేకుకి నూనె తగలకూడదని సైకిల్ షాపులో గడప తుడిచేవాళ్ళకి కూడా తెలుసు. నేను ఎంతమందికి చెప్పి ఉంటాను, చైనుకి వేసే నూనె డిస్కు మీద పడనీయకండి బాబూ అని! ఆ మాట చెబుతూనే, అదే రోజు, ఆ డిస్కుకే నూనె పూసి పంపాను. బొట్టు నాకు నూనెగా ఎప్పుడూ కనపడలేదు. బొట్టు బొట్టే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈ దొంగ ఈశ్వరుడి పేరు చెప్పుకునే పూశాడు మరి.

నేను మెకానిక్ వైపు తిరిగాను. నీకు ముందే తెలుసా అన్నాను. అతను పానాల గుడ్డకి ముడి వేస్తున్నాడు.

"మీరు మోకాలు నొప్పని సెలవు పెట్టిన వారం తొమ్మిది డిస్కు బండ్లు పోయినయి అన్న. ఒక్కటి సుత కూయలే."

మరి నాతో ఎందుకు చెప్పలేదని అరిచాను. ఆ స్థితిలో కూడా అరిచాను, చూడండి.

"తుడిస్తేనే అంత మాటంటిరి. మీ దేవుని సంగతి అన్న. నా నోట్లకెళ్ళి వస్తే అది బ్రేకు మాటని ఎవరు ఇంటరు?"

అతను చెప్పి ఉంటే నేను ఏమని ఉండేవాణ్ణో నాకు బాగా తెలుసు. గోడకి ఆనించి డిస్కు దాచాడు, నేను తిప్పాను. రుమాలుతో తుడిచాడు, నేను నలుగురిలో అవమానించాను. ఉద్యోగం పోతున్నా అతని నోట ఆ మాట రాలేదు. రానివ్వకుండా చేసింది నేనే.

మెట్లెక్కి సేట్‌కి చెప్పాను. ఆయన ముందు నమ్మలేదు, తర్వాత నవ్వాడు, ఆ తర్వాత భయపడ్డాడు. బొట్టు పెడితే బ్రేకు ఫెయిలైందంటే రోడ్డంతా నవ్వుతుంది, మెకానిక్‌ది తప్పని ఎలాగూ అనుకున్నాం కదా, అలాగే పోనివ్వండి అన్నాడు. అరక్షణం నాకూ ఆ మాట తియ్యగా వినిపించింది. ఆ అరక్షణం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు కోపం. నోటితో చెబితే దారికి రాడని ఆయన్ని కిందికి తీసుకొచ్చాను. పెట్టెలోంచి తీసిన కొత్త డిస్కు సైకిల్ ఒకటి తెప్పించాను. ముందు బొట్టు పెట్టకుండా ఆయన్నే వెనక సందులో తొక్కమన్నాను. చక్కగా ఆగింది. అప్పుడు భరిణె తీసి, రోజూ పెట్టినట్టే రెండు డిస్కులకీ రెండు బొట్లు పెట్టి మళ్ళీ తొక్కమన్నాను.

మా వెనక సందు పల్లానికి ఉంటుంది, చివర ఛాయ్ బండి. సేట్ బరువైన మనిషి. బ్రేకు నొక్కాడు, సందంతా మారుమోగేలా కూసింది, సైకిల్ మాత్రం ఛాయ్ బండి వైపు పోతూనే ఉంది. రెండు కాళ్ళూ నేలకేసి రాసుకుంటూ, బండికి జానెడు దూరంలో ఆగాడు. ఒక చెప్పు సందు మధ్యలో ఉండిపోయింది. ఛాయ్ బండాయన గ్లాసులన్నీ రెండు చేతులతో కౌగిలించుకుని నిలబడ్డాడు. సేట్ సైకిల్ నడిపించుకుంటూ తిరిగొచ్చి, చెప్పు వేసుకుని, మెకానిక్ ముందు ఆగాడు.

"రేపు జల్ది రా భాయ్. మస్తు పనుంది" అన్నాడు. అంతకుమించి అనడం ఆయనకి చేతకాదు.

నిజంగానే చాలా పని. బిల్లుల పుస్తకం ముందేసుకుని డిస్కు సైకిల్ కొన్న ప్రతి ఒక్కరికీ నేనే ఫోన్ చేశాను. తప్పు నాది, సైకిల్ తీసుకురండి, బిళ్ళలు మార్చి ఇస్తాం అని. అందులోనూ విసుగే. ఒకాయన బొట్టు తీయనివ్వనన్నాడు, కావాలంటే నెమ్మదిగా తొక్కుతాడట. ఇంకొకడు ఆ కూత ఉండనివ్వండి అంకుల్, బెల్లు కొట్టక్కర్లేకుండా జనం తప్పుకుంటున్నారు అన్నాడు. వాణ్ణి బతిమాలి, భయపెట్టి, చివరికి మెకానిక్‌ని ఇంటికి పంపాల్సొచ్చింది.

ఆవిడకి మొదట తను ఎంచుకున్న సైకిలే ఇచ్చాం, ఏడు గేర్లది. క్యారియర్‌కి శాంపిళ్ళ డబ్బా జారకుండా మెకానిక్ ఒక పట్టీ కుట్టించి తెచ్చాడు. ఆరు వారాలు కట్టుతో ఉంది. ఆ ఆరు వారాలూ వాళ్ళ సెంటర్‌లో ఎడం చేత్తో సీసాలకి పేర్లంటించే పని ఇచ్చారు. కట్టు విప్పాక సూది మళ్ళీ స్థిరంగా పట్టడానికి ఇంకో నెల పట్టిందట. అది నేను తిరిగి ఇవ్వగలిగింది కాదు. సైకిల్ తీసుకునే రోజు ఆవిడ, నేను మొదలే అన్నగా సార్, అంది. ఒక్కసారే అంది. ఇప్పుడు ఆదివారాలు గండిపేట దాకా పోయొస్తుందని మెకానిక్ చెప్పాడు. రిపేరుకి వచ్చినప్పుడు నా గురించి అడుగుతుందట, అడగకపోయినా నేను చేసేదేమీ లేదు.

ఫోన్ చేసేవాళ్ళకి నా సలహా ఇంతే. మీ దారి, మీ మెట్లు, మీ వాన మీకు తెలుసు, అవి కాగితం మీద రాసుకుని వెళ్ళండి. దుకాణంలో నాలాంటివాడు హామీ ఇస్తే నోట్‌బుక్ మూయకండి. బ్రేకు కూస్తే అన్నిటికన్నా ముందు బ్రేకునే తుడిచి చూడండి.

షాపులో బొట్టు మానలేదు. హ్యాండిల్‌కీ బెల్లుకీ పెడతారు. డిస్కున్న పక్క గోడకి ఉంటుంది. ఇంకో నియమం కూడా వచ్చింది. బొట్టు పెట్టినవాడు సైకిల్‌ని మళ్ళీ ముట్టుకునే ముందు స్పిరిట్ దూదితో వేలు తుడుచుకోవాలి. ఈ నియమం మెకానిక్ పెట్టాడు. సేట్ దాన్ని గోడ మీద రాయించాడు.

నా ఆఖరి రోజున ఆఖరి సైకిల్‌కి నేనే బొట్టు పెట్టాను. షాపులో ఏడెనిమిది మంది కస్టమర్లున్నారు. మెకానిక్ దూది పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. రెండేళ్ళుగా రోజూ అలాగే వస్తున్నాడు, రోజూ నేనే దూది తీసుకుని తుడుచుకుంటున్నాను. రోజూ ఒక మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. ఆ రోజు దూది తీసుకోకుండా, శాంపిల్ ఇచ్చే పేషెంటులా చెయ్యి చాపాను. అతను ఒక్క క్షణం చూసి, వేలు పట్టుకుని తుడవడం మొదలుపెట్టాడు.

"ఆ శుక్రవారం నిన్ను అన్న మాట తప్పు. అందరి ముందు అన్నాను, అందుకే అందరి ముందు చెబుతున్నాను" అన్నాను.

కస్టమర్లకి ఏమీ అర్థం కాలేదు. అతను తలెత్తలేదు, దూది తిరగేసి గోరు చుట్టూ ఇంకోసారి రుద్దాడు.

"ఇంక పోతలేదు అన్న. గోట్లకి దిగింది" అన్నాడు. జేబులోంచి ఆ పాత రుమాలు తీసి, దానితో తుడవడం మొదలుపెట్టాడు.